బిడ్డను పంపినవాళ్ళు యుద్ధం వద్దనకూడదా?

మా కళాశాల చర్చావేదికలో ఒకసారి ఒక విషయం పెట్టారు: "సైనికుల కుటుంబాలు యుద్ధాన్ని వ్యతిరేకించడం దేశానికి చేటు." అనుకూలంగా మాట్లాడిన మిత్రుడు బల్ల గుద్ది మరీ చెప్పాడు. సైన్యంలో చేరమని ఎవరూ బలవంతపెట్టలేదు, ఇష్టపడి సంతకం పెట్టాక పోరాడటమే ధర్మం, ఇంట్లో ఉన్న తల్లీ పెళ్ళామూ యుద్ధం వద్దంటూ వీధిలోకొస్తే సరిహద్దులో ఉన్నవాడి గుండె జారిపోతుంది, శత్రువు సంబరపడతాడు అని. చప్పట్లు బాగానే పడ్డాయి. బహుమతి కూడా అతనికే వచ్చింది. వ్యతిరేకంగా మాట్లాడినవాళ్ళు బుద్ధుణ్ణీ గాంధీగారినీ తలుచుకుని కూర్చున్నారే గాని, నిజంగా అలా వీధిలోకొచ్చిన కుటుంబాలున్నాయనీ, వాళ్ళ సంగతి ఇదీ అనీ ఒక్క ముక్క చెప్పలేదు. ఆ ముక్క చెబుదామనే ఈ వ్యాసం.

2002లో అమెరికా ప్రభుత్వం ఇరాక్ మీద యుద్ధానికి సన్నాహాలు చేస్తోంది. ఇరాక్ దగ్గర సామూహిక మారణాయుధాలున్నాయని చెబుతోంది. ఆ అక్టోబరులో అమెరికా కాంగ్రెసు బలప్రయోగానికి అనుమతిస్తూ తీర్మానం చేసింది. బోస్టన్ నగరంలో చార్లీ రిచర్డ్‌సన్, నాన్సీ లెసిన్ అనే దంపతులుండేవారు. ఇద్దరూ కార్మికోద్యమంలో పనిచేసినవాళ్ళు. వాళ్ళ అబ్బాయి మెరైన్ దళంలో ఉన్నాడు. ఆ ఏడాదే ఓడెక్కి వెళ్ళాడు. వాషింగ్టన్‌లో యుద్ధానికి వ్యతిరేకంగా జరిగిన ఊరేగింపుకి వీళ్ళు కొడుకు ఫొటో అంటించిన అట్ట పట్టుకుని వెళ్ళారు. మా అబ్బాయి మెరైన్, చమురు కోసం వాణ్ణి యుద్ధానికి పంపకండి అని దాని మీద రాసి ఉంది. అక్కడ తమలాగే కొడుకు సైన్యంలో ఉన్న మరో తండ్రి తారసపడ్డాడు. ఆ నవంబరులోనే "మిలిటరీ ఫామిలీస్ స్పీక్ ఔట్" అనే సంస్థ పుట్టింది. అంటే సైనిక కుటుంబాలు గొంతు విప్పుతున్నాయని. రెండు కుటుంబాలతో మొదలైనది కొన్నేళ్ళలో కొన్ని వేల కుటుంబాలయింది.

యుద్ధం మొదలవకముందే ఈ తల్లిదండ్రులు కొందరు, సైన్యంలో పనిచేస్తున్న కొందరు, కాంగ్రెసు సభ్యులు కొందరు కలిసి బోస్టన్‌లోని ఫెడరల్ కోర్టులో సాక్షాత్తూ అధ్యక్షుడు బుష్ మీదే దావా వేశారు. కాంగ్రెసు యుద్ధం ప్రకటించకుండా అధ్యక్షుడు తనంత తాను యుద్ధానికి దిగడానికి రాజ్యాంగం ఒప్పుకోదని వాళ్ళ వాదన. కింది కోర్టు కొట్టేసింది. 2003 మార్చి 13న అప్పీలు కోర్టూ కొట్టేసింది. సరిగ్గా వారం తిరిగేసరికి బాగ్దాద్ మీద బాంబులు పడ్డాయి.

వ్యాజ్యం ఓడిపోవడం సంగతి అలా ఉంచండి. నన్ను ఆలోచింపజేసింది ఆ సంస్థ చేసిన రెండో పని. ఆ పని పత్రికల్లో అంతగా రాలేదు.

అమెరికాలో నిర్బంధ సైనిక సేవ 1973లోనే ఆగిపోయింది. అప్పటినుంచీ ఇష్టపడి చేరినవాళ్ళే సైనికులు. దేశ జనాభాలో వాళ్ళు నూటికి ఒక్కరు కూడా లేరు. కాబట్టి యుద్ధం జరుగుతున్నా వీధిలో తొంభై తొమ్మిది ఇళ్ళకు ఏమీ జరగనట్టే ఉంటుంది. బజారు బజారే, సినిమా సినిమాయే. ఆ ఒక్క ఇంట్లో మాత్రం గేటు చప్పుడైతే గుండె ఆగినంత పనవుతుంది. అక్కడ చావు కబురు తేవడానికి యూనిఫారం వేసుకున్న మనుషులు స్వయంగా ఇంటికొస్తారు. తెలియని కారు గుమ్మం ముందు ఆగితే చాలు, తల్లి కిటికీ దగ్గరకు పోదు. మన ముసలమ్మలకు ఒకప్పుడు టెలిగ్రాం అంటే ఎలా ఉండేదో, అలాగన్నమాట. కవరు విప్పకముందే ఏడుపు మొదలు.

దీనికి తోడు ఇరాక్‌కి వెళ్ళినవాళ్ళలో నేషనల్ గార్డు, రిజర్వు దళాల వాళ్ళు చాలామంది. 2005 ప్రాంతంలో నూటికి నలభై మంది దాకా వాళ్ళే. వీళ్ళు సైనిక స్థావరంలో ఉండేవాళ్ళు కారు. ఊళ్ళలో ఉద్యోగాలూ వ్యాపారాలూ చేసుకుంటూ, పిలుపొస్తే వెళ్ళేవాళ్ళు. స్థావరంలో కాపురముంటే పక్క క్వార్టరు ఆవిడ మొగుడూ యుద్ధంలోనే ఉంటాడు గనక ఒకరి బాధ ఒకరికి చెప్పుకోవచ్చు. ఎక్కడో చిన్న ఊళ్ళో ఒంటరిగా ఉన్న ఇల్లాలు ఎవరితో చెప్పుకుంటుంది? గడువు తీరినా సైనికుణ్ణి ఇంటికి పంపకుండా ఆపే "స్టాప్ లాస్" అనే నిబంధన ఒకటుంది. 2007 ఏప్రిల్‌లో ఒక్కొక్క విడత సేవాకాలాన్ని పదిహేను నెలలకు పెంచారు. ఫలానా నెలలో వస్తాడని గోడ మీద కాలెండరులో గుర్తు పెట్టుకున్న ఇంట్లో ఆ గుర్తు మళ్ళీ మళ్ళీ చెరిపి రాసుకోవాల్సి వచ్చింది. సరైన కవచాలు అందక కుటుంబాలే సొంత డబ్బుతో గుళ్ళు దిగని జాకెట్లు కొని పంపాయంటే నమ్ముతారా? ఆ డబ్బు తిరిగి చెల్లించడానికి 2004లో కాంగ్రెసు ఒక చట్టమే చెయ్యాల్సి వచ్చింది.

ఇలాంటి ఇళ్ళన్నీ ఒకదానికొకటి తగిలే చోటు ఆ సంస్థ అయింది. నీ కొడుకు ఫోను చేశాడా, ఏ ఊరు దగ్గర ఉన్నాడన్నాడు, తిరిగొచ్చినవాడు నిద్దట్లో కేకలు పెడుతున్నాడు ఏం చెయ్యాలి, ఏ ఆసుపత్రికి తీసుకెళ్ళాలి అనే మాటలు అక్కడ మాట్లాడుకోవచ్చు. ఇరాక్ నుంచి తిరిగొచ్చిన ఒక కుర్రాడు 2004లో తన ప్రాణం తానే తీసుకున్నాడు. అతని తల్లిదండ్రులు ఈ సంస్థలో సభ్యులై ఊరూరా తిరిగి, ఇలాంటి చావులు యుద్ధంలో పోయినవాళ్ళ లెక్కలోకి రావు గాని ఇవీ యుద్ధం చావులేనని చెప్పారు. మా మిత్రుడు చెప్పిన గుండె జారిపోవడం అంటే ఇదీ. జారేది సరిహద్దులో ఉన్నవాడి గుండె ఒక్కటే కాదు. దాన్ని పట్టి నిలిపింది ఆయుధ కర్మాగారమూ కాదు, జెండా వందనమూ కాదు. మరో ఇంటి తల్లి.

నా అభిప్రాయం ఇక్కడే ఉంది. ఒకరికొకరు ఆసరా కావడమూ, యుద్ధాన్ని వద్దనడమూ రెండు వేరు వేరు పనులని నేననుకోను. ఒంటరిగా ఉన్న తల్లి వద్దనలేదు. ఆవిడ నోరు తెరిస్తే పక్కింటివాళ్ళే, నీ కొడుకు అక్కడ ప్రాణాలొడ్డి పోరాడుతుంటే నువ్విలా మాట్లాడతావా అంటారు. ఇంట్లో మొగుడే కసురుకోవచ్చు. కొడుక్కి అక్కడ మాట వస్తుందేమోనని భయం ఉండనే ఉంది. మరో పదిమంది ఉన్నారని తెలిసిన తరవాతనే ఆ మాట గొంతు దాటి బయటికొస్తుంది. కాడికి ఒక్క ఎద్దును కట్టి దున్నమంటే ఎక్కడి పని?

ఆ యుద్ధానికి చెప్పిన కారణం ఏమైంది? నేను సైన్సు విద్యార్థిని. లాబరేటరీలో మాకు మొదట చెప్పేది, రీడింగు తీసుకోకముందే రికార్డులో ఫలితం రాయొద్దని. అలా రాస్తే మా డిమాన్‌స్ట్రేటరు గారు పేజీ మొత్తం కొట్టేస్తారు. ఇరాక్‌లో మారణాయుధాల నిల్వలున్నాయని ముందు ఫలితం రాసి, తరవాత వెతికారు. 2004 అక్టోబరులో అమెరికా ప్రభుత్వం నియమించిన బృందమే అలాంటి నిల్వలు లేవని నివేదిక ఇచ్చింది. ఈలోగా కొట్టేసింది పేజీలను కాదు. 2011 డిసెంబరులో సేనలు వెనక్కి వచ్చేనాటికి దాదాపు 4,500 మంది అమెరికా సైనికులు పోయారు. లక్షకు పైగా ఇరాక్ పౌరులు పోయారు. యుద్ధం మొదలవకముందే వద్దని ప్లకార్డు పట్టిన తల్లిదండ్రులా దేశానికి చేటు చేసింది? మా మిత్రుణ్ణి మర్యాదగానే అడుగుతున్నాను.

2003 జూలైలో ఇరాక్‌లో అమెరికా సైనికుల మీద దాడులు పెరుగుతుంటే బుష్ గారు విలేకరుల ముందు, దాడి చేసేవాళ్ళను రానివ్వండి చూద్దాం అన్నట్టు మాట్లాడారు. ఆ సవాలు విసిరింది వాషింగ్టన్‌లో. దెబ్బలు తినాల్సింది బాగ్దాద్ వీధుల్లో ఉన్న ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళు. ఆ మాటకు మండిపోయి ఈ కుటుంబాలూ, మాజీ సైనికులూ కలిసి వచ్చే నెలలోనే "వాళ్ళను ఇప్పుడే ఇంటికి తీసుకురండి" అని ఉద్యమం ప్రారంభించారు. 1991 నుంచీ చనిపోయిన సైనికుల శవపేటికలు డోవర్ వైమానిక స్థావరంలో దిగుతుంటే ఫొటోలు తియ్యనిచ్చేవాళ్ళు కాదు. 2009లో గాని ఆ నిషేధం సడలలేదు. పేటికలు కనిపించకపోతే కనీసం ఫొటో పట్టుకున్న తల్లి కనిపించాలి కదా. ఒక క్వేకర్ సేవాసంస్థ 2004 జనవరిలో చికాగోలో చనిపోయిన సైనికుడికి ఒక జత చొప్పున 504 జతల బూట్లు వరుసగా పేర్చింది. తరవాత ఊరూరా తిరిగిన ఆ ప్రదర్శనలో చనిపోయిన ఇరాకీల తరఫున మామూలు చెప్పులూ జోళ్ళూ కూడా పెట్టారు. మనుషులు లేని బూట్ల వరుస చూస్తే ఉపన్యాసం అక్కర్లేదు.

సిండీ షీహాన్ పేరు కొందరు లెక్చరర్లకు గుర్తుండే ఉంటుంది. కాలిఫోర్నియా ఆవిడ. కొడుకు కేసీ సైన్యంలో మెకానిక్కు. 2004 ఏప్రిల్ 4న బాగ్దాద్ సదర్ సిటీలో చనిపోయాడు. 2005 ఆగస్టులో బుష్ గారు టెక్సాస్‌లో క్రాఫర్డ్ అనే పల్లెలో తన పొలంలో సెలవులు గడుపుతుంటే, ఈవిడ ఆ దారి పక్కన గుడారం వేసుకుని కూర్చుంది. నా కొడుకు ఏ గొప్ప కార్యం కోసం చనిపోయాడో అధ్యక్షుడే వచ్చి చెప్పాలని ఆవిడ పట్టు. ఆయన రాలేదు. వందలూ వేలూగా జనం వచ్చారు. దారి పక్కన చనిపోయినవాళ్ళ పేర్లతో పాతిన తెల్ల శిలువల మీదుగా ఒకడు ట్రక్కు తోలుకుపోయాడు. చుట్టుపక్కల రైతుల్లో కొందరికి ఈ గొడవ నచ్చలేదు, కొందరికి నచ్చింది. ఒకాయన తన సొంత భూమిలో గుడారాలు వేసుకోమన్నాడు. రైతు బిడ్డను కాబట్టి ఆ భూమి ఇచ్చినాయన గురించే నేను ఎక్కువ ఆలోచించాను. ఊరంతా ఒకవైపుంటే పొలం గట్టు మీద ఇంకోవైపు నిలబడటం చిన్న సంగతి కాదు.

అన్నీ మంచిమాటలే చెప్పి ఊరుకోవడం న్యాయం కాదు. క్రాఫర్డ్‌కి యుద్ధాన్ని సమర్థించే సైనిక కుటుంబాలు కూడా వచ్చాయి. మా అబ్బాయి పేరు ఆ శిలువ మీదనుంచి తీసెయ్యమన్నవాళ్ళున్నారు. సిండీ అత్తవారి తరఫు బంధువులే ఆవిణ్ణి కాదన్నారు. రాజకీయ నాయకులు ఆవిడ పక్కన నిలబడి ఫొటోలు దిగి, తరవాత అదే యుద్ధానికి డబ్బు మంజూరు చేశారు. 2007 మే నెలలో ఆవిడ విసిగిపోయి ఉద్యమానికి దణ్ణం పెట్టి ఇంటికెళ్ళింది. ఏడుస్తున్న తల్లిని ముందు నిలబెట్టి వెనకనుంచి తమ లెక్కలు చూసుకునే అలవాటు యుద్ధం కావాలన్న వాళ్ళకే కాదు, వద్దన్న వాళ్ళకూ ఉంది. యుద్ధాన్ని సమర్థించిన తల్లికి మాట్లాడే హక్కు లేదని నేననను. ఆవిడకెంత హక్కుందో ఈవిడకూ అంతే ఉందంటాను.

ఇంతకీ వీళ్ళవల్ల యుద్ధం ఆగిందా? ఇరాక్‌లో ఆగలేదు. మరో చోట ఆగడానికి దోహదం చేసింది. 1997 ఫిబ్రవరి 4న దక్షిణ లెబనాన్‌కు సైనికులను మోసుకుపోతున్న ఇజ్రాయెల్ హెలికాప్టర్లు రెండు గాలిలో ఢీకొని 73 మంది చనిపోయారు. అప్పుడు, కొడుకులు లెబనాన్‌లో ఉన్న నలుగురు స్త్రీలు "నలుగురు తల్లులు" అని ఒక ఉద్యమం ప్రారంభించారు. ఆడవాళ్ళకు సైనిక వ్యూహాలేం తెలుసని హేళన చేశారు. సైన్యం వెనక్కొస్తే ఉత్తరాది ఊళ్ళ మీద రాకెట్లు పడతాయన్నారు. తమాషా ఏమిటంటే ఈ స్త్రీలు ఉండేది ఆ ఉత్తరాది ఊళ్ళలోనే! రాకెట్లు పడితే ముందు వాళ్ళ కప్పుల మీదే. 1999 ఎన్నికల్లో ఎహూద్ బరాక్ సేనలను వెనక్కి రప్పిస్తానని మాట ఇచ్చి గెలిచాడు. 2000 మే నెలలో రప్పించాడు. ఇజ్రాయెల్ సేన లెబనాన్‌లోకి వెళ్ళి అప్పటికి పద్ధెనిమిదేళ్ళు. తరవాత కాలంలో ఆ సరిహద్దులో మళ్ళీ యుద్ధాలు వచ్చాయి నిజమే. ఆ నెపం తల్లుల మీద వెయ్యడం మాత్రం తేలిక.

ఇష్టపడి చేరారు కదా అనే వాదనకు రష్యా చాలు జవాబు. అక్కడ సైనిక సేవ నిర్బంధం. సంతకం ఇష్టమా అయిష్టమా అనే ప్రశ్నే లేదు. 1989లో ఏర్పడిన సైనికుల తల్లుల కమిటీ, 1994లో చెచెన్యా యుద్ధం మొదలవగానే కొడుకులను వెతుక్కుంటూ యుద్ధభూమికే నడిచింది. ఖైదీలుగా చిక్కిన కొడుకులను తల్లులే వెళ్ళి అడిగి తెచ్చుకున్న సందర్భాలున్నాయి. చెచెన్ తల్లులు వాళ్ళకు అన్నం పెట్టారు. 1996లో ఆ కమిటీకి రైట్ లైవ్లీహుడ్ బహుమతి వచ్చింది. 2022 సెప్టెంబరులో ఉక్రెయిన్ యుద్ధానికి లక్షలాది మగవాళ్ళను పిలిపించాక, ఏడాది గడిచినా మొగుళ్ళు ఇంటికి రాకపోతే, ఇల్లాళ్ళు తెల్ల తలగుడ్డలు కట్టుకుని మాస్కోలో అజ్ఞాత సైనికుడి సమాధి దగ్గర పూలు పెట్టడం మొదలెట్టారు. పూలు పెట్టడమే. 2024లో వాళ్ళ ఉద్యమానికి "విదేశీ ఏజెంటు" అని ముద్ర పడింది. ఇష్టపడి చేరినా, బలవంతాన చేరినా ఇంటివాళ్ళు నోరు మూసుకోవాలనే అంటారు. కనుక సంతకం అనేది అసలు కారణం కాదు, సాకు.

ఆ యుద్ధంలో మనవాళ్ళూ పోయారు. ఉద్యోగం ఇప్పిస్తామన్న ఏజెంట్ల మాట నమ్మి వెళ్ళి రష్యా సైన్యంలో చిక్కుకుని, 2024లో హైదరాబాదు యువకుడొకడు చనిపోయాడు. అలా చిక్కుకున్న వేరువేరు రాష్ట్రాల కుర్రాళ్ళ ఇంటివాళ్ళు ఢిల్లీ దాకా తిరిగి మొరపెట్టుకున్నారు.

మన దగ్గర సైన్యమంటే ముందు ఉద్యోగం, తరవాతే యుద్ధం. పశ్చిమ గోదావరిలో మిలిటరీ మాధవరం అని పేరే పడిపోయిన ఊరుంది. ఎకరం అరెకరం ఉన్న ఇళ్ళలో ఒక కొడుకు సేద్యానికి, ఒక కొడుకు మిలిటరీకి. తెల్లారుజామున మా ఊరి రోడ్డు మీద పరుగు ప్రాక్టీసు చేసే కుర్రాళ్ళు దేశభక్తి లేనివాళ్ళని కాదు. ఉన్నవాళ్ళే. కాని పరుగెత్తిస్తున్నది చెల్లెలి పెళ్ళీ, బాంకు అప్పూ కూడా. 2022 జూన్‌లో అగ్నిపథ్ పథకం ప్రకటించినప్పుడు సికింద్రాబాదు స్టేషన్లో జరిగిందంతా ఆ నాలుగేళ్ళ లెక్క గురించే. ఒక ప్రాణం పోయింది కూడా.

మా పెద్దమ్మ కొడుకు సైన్యంలో ఉన్నాడు. 2025 మే నెలలో పాకిస్తాన్‌తో నాలుగు రోజులు పోరు జరిగినప్పుడు నేను వాళ్ళింట్లోనే ఉన్నాను. వీధిలో ప్రతి ఇంట్లో టీవీ హోరెత్తిపోతోంది. మా పెద్దమ్మ టీవీ కట్టేసింది. వంటింట్లో కూర్చుని సెల్‌ఫోను ఒళ్ళో పెట్టుకుంది. చీకటి పడ్డాక పక్క వీధినుంచి ఒకావిడ, చెరువు కింద ఇంటినుంచి మరొకావిడ వచ్చారు. ఇద్దరి కొడుకులూ మిలిటరీలోనే. ముగ్గురూ చింతపండు గింజలు తీస్తూ కూర్చున్నారు. పని ఉండి కాదు. ఒకావిడ, "ఆగిపోతే బావుండు వొదినా" అంది మెల్లిగా. మా పెద్దమ్మ నావైపు చూసి, "అబ్బాయ్, ఆ మాట బయట అనకు నాయనా" అంది. మన రాష్ట్రం కుర్రాడే ఒకడు సరిహద్దులో ప్రాణం విడిచిన కబురు ఆ రోజుల్లోనే వచ్చింది.

మే 10న కాల్పులు ఆగాయి. ఆ యుద్ధం తప్పా ఒప్పా అనే తీర్పు ఇక్కడ చెప్పబోవడం లేదు. మా పెద్దమ్మా చెప్పలేదు. పహల్గాంలో చంపినవాళ్ళ మీద ఆవిడకు నాకంటే ఎక్కువ కోపం ఉంది. నేనడిగేదల్లా ఒకటి. ఆగిపోతే బావుండునని మెల్లిగా అనడానికి కూడా, కొడుకునిచ్చిన ఆవిడ వంటింటి తలుపు ఎందుకు దగ్గరగా వేసుకోవాలి? టీవీ ముందు ఈలలు వేసినవాళ్ళలో ఒక్కడి ఇంట్లోనూ సైన్యంలో పనిచేసేవాడు లేడు. వాళ్ళ మాటకు అడ్డు లేదు.

మా విద్యార్థి సంఘానికి ఒక సూచన చేసి ముగిస్తాను. మన కళాశాల పూర్వవిద్యార్థుల్లో సైన్యానికి వెళ్ళినవాళ్ళున్నారు. ఎన్‌.సి.సి. నుంచి ఏటా ఇంకా వెళుతున్నారు. వార్షికోత్సవంలో వాళ్ళ తల్లిదండ్రులకు శాలువా కప్పి పంపెయ్యడం ఆనవాయితీ. ఈసారి శాలువాతో పాటు మైకు కూడా ఇవ్వండి. అంతకంటే ముందు ఒక గది ఇచ్చి, ఒక పూట వాళ్ళను వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకోనివ్వండి. మనం టీ అందించి బయట కూర్చుందాం. ఏం మాట్లాడతారో ముందుగా రాసిమ్మని మాత్రం అడగొద్దు. యుద్ధం చెయ్యాలన్నా వినండి, వద్దన్నా వినండి. ఇలాంటి సభకు అనుమతి కావాలంటే ప్రిన్సిపాలు గారికి అర్జీ నేను రాస్తాను. సంతకాలు పెట్టేవాళ్ళు హాస్టలు రెండో బ్లాకులో నన్ను కలవండి.